ముత్తవ్వ ఇంటి పొగ

ఎల్లారెడ్డిలో తెల్లారగానే ముత్తవ్వ చేసే మొదటి పని, గంటె తీసుకుని గంజు అంచు మీద టక్కుటక్కుమని కొట్టడం. ఆ చప్పుడుకు మంచం మీద నిద్రపోతున్న పొగ ఒళ్లు విరుచుకుని లేచేది. గోడ మీది యేసు పటాన్ని ఒకసారి తాకి, దూలం చుట్టూ తిరిగి, మెల్లగా కుంపటి దగ్గరికొచ్చి కూర్చునేది. ముత్తవ్వ నిప్పుల మీద బొగ్గు ముక్కలు సన్నగా చితక్కొట్టి వేసేది. పెద్ద ముక్కలు వేస్తే పొగ అలిగి మూలకు పోయేది. తిన్నంత తిని, కిటికీలోంచి వాడంతా ఒక చుట్టు తిరిగొచ్చేది.

ఆ చుట్టు దగ్గరే రోజూ లొల్లి.

"ముత్తవ్వా! నీ మొగని పొగను జర అద్దుల వెట్టుకో. ఉతికి ఆరేసిన చీరెలన్ని మసి జేసింది" అని పక్కింటి గంగాబాయి గోడ మీంచి అరిచేది.

"నా మొగడు బతికున్నన్ని రోజులు నీ గోడ దాటిండా ఎన్నడన్న?"

"ఆయన దాటలే పాపం. ఆయన పొగనే దాటుతుంది."

ఇద్దరూ నవ్వేవాళ్లు. నవ్వుతూ నవ్వుతూనే ముత్తవ్వకు దగ్గు తగులుకునేది. ఆ దగ్గు కడుపులోంచి పైకి ఎక్కి, నడుం వంచి, కళ్లల్లో నీళ్లు తెప్పించి గానీ విడిచేది కాదు. కామారెడ్డి బస్సుకు తయారై గడప దగ్గర చెప్పులేసుకుంటున్న కూతురు సుధారాణి అక్కడే ఆగిపోయేది. అమ్మ దగ్గు అయిపోయేదాకా తను ఊపిరి తీసుకునేది కాదు. అలవాటైపోయింది.

"పో బిడ్డా, బస్సు పోతది" అనేది ముత్తవ్వ కొంగుతో మూతి తుడుచుకుంటూ. వెంటనే నాలుక కరుచుకుని, "పోయి రా" అని దిద్దుకునేది.

ఆ పొగ ఆ ఇంటికొచ్చి చాలా కాలమైంది. సుధారాణి నాన్న డేవిడ్ కాజీపేటలో బొగ్గు ఇంజను మీద ఫైర్‌మన్‌గా పనిచేసేవాడు. పెద్ద ఇంజను అది. దానికి రాణి అని పేరు పెట్టుకున్నాడు. సెలవు మీద ఇంటికొచ్చినప్పుడల్లా దాని ముచ్చటే. రాణి ఎంత తింటది, ఎక్కడ మొండికేస్తది, ఏ ఎత్తు ఎక్కేటప్పుడు ఎట్లా మూలుగుతది అని చెప్పుకుంటూ పోయేవాడు. "ఒక్కసారన్న దాన్ని మన కామారెడ్డికి తేవాలె ముత్తవ్వా. ఏం జెయ్యాలె, మన దిక్కు పట్టాలు ఇరుకు. చిన్న బండ్లే నడుస్తయి" అని బాధపడేవాడు. ముత్తవ్వ అన్నం వడ్డిస్తూ, "మంచిగైంది. నా సవతి నా గడపకాడికి రాకుంట ఆ యేసయ్యనే అడ్డం బడ్డడు" అనేది.

తర్వాత బొగ్గు ఇంజన్లు ఆపేశారు. రాణి పొయ్యిలోని ఆఖరి నిప్పును బయటికి లాగింది డేవిడే. లాగి, చేతులు కడుక్కుని, సంచి భుజానికేసుకుని షెడ్డు గేటు దాటుతుంటే ఒక పొగ తెర ఆయన వెనకాలే వచ్చింది. బస్సెక్కితే బస్సెక్కింది. ఎల్లారెడ్డిలో దిగితే దిగింది. ముత్తవ్వ గడపలో ఇద్దరినీ చూసి, మొగుడికి కాళ్లకు నీళ్లిచ్చి, పొగకు అటుక మీద చోటు చూపించింది.

సుధారాణి ఉయ్యాలను ఊపింది ఆ పొగే. రైల్వేలో ఇంకో పని చేసుకుంటూ డేవిడ్ వారానికొకసారి వస్తే, మిగతా రోజులన్నీ ఇంట్లో మగదిక్కు అదే. బడిలో పిల్లలు ఆమె గౌను వాసన చూసి "రైలు పిల్ల" అని పిలిచేవాళ్లు. పేరులో రాణి ఎక్కడిదో తెలిశాక సుధారాణికి ఆ పిలుపు మీద కోపం పోయింది.

డేవిడ్ పోయిన రోజు పొగ పెట్టె వెంట సమాధుల తోట దాకా వచ్చింది. గేటు లోపలికి రాలేదు. అందరికంటే ముందే ఇంటికి తిరిగొచ్చి, అటుక వదిలేసి మంచం మీద ఆయన పడుకునే వైపు పడుకుంది. అప్పటిదాకా మల్లుబట్ట అంత పల్చగా ఉండేది, ఆ రోజు నుంచి నల్లబడుతూ వచ్చింది. కాటుకలా చిక్కబడింది. ముత్తవ్వ దానివైపే తిరిగి పడుకునేది. దగ్గు కూడా అప్పుడే మొదలైంది.

మొదట బీడీల వల్ల అనుకున్నారు. ఊహ తెలిసినప్పటినుంచీ ఒళ్లో చేట పెట్టుకుని తునికాకు చుట్టిన చెయ్యి ముత్తవ్వది. తంబాకు దుమ్ము లోపలికి పోయిందన్నారు. బీడీలు మానేసింది. దగ్గు మానలేదు. సుధారాణి ఆమెను కామారెడ్డి దవాఖానకు తీసుకుపోయింది. డాక్టరు ఎక్స్‌రే వెలుతురుకు పెట్టి చూసి, ముత్తవ్వను బయట కూర్చోమన్నాడు.

"ఇంట్ల పొయ్యి కట్టెలదా?"

"లేదు సార్, గ్యాసే."

"మరి ఇంత పొగ ఎక్కడిదమ్మా?"

"మా బాపుది సార్."

డాక్టరు తలాడించాడు. "ఆయన పోయినంక నల్లబడ్డదా?"

"అవును సార్."

"గట్లనే అయితది" అన్నాడు. ఎక్స్‌రేను కవరులో పెట్టి ఆమె చేతికిచ్చాడు. "ఆ ఇంట్ల ఇద్దరు ఉండలేరు బిడ్డా. మీ అమ్మ ఈ చలికాలం దాటాలంటే పొగ బయటికి పోవాలె. మందులు రాస్త గాని, మందులతోని అయ్యేది గాదు."

బయట ముత్తవ్వ "ఏమన్నడే?" అని అడిగితే సుధారాణి "బలానికి టానిక్కు రాసిండు" అంది. ఎక్స్‌రేను ఇంట్లో బియ్యం డ్రమ్ము వెనక పెట్టింది. పొగను పొమ్మని ఎవరు చెప్పగలరు? ఒకరోజు అమ్మ చర్చికి పోయినప్పుడు కిటికీలన్నీ తెరిచి చేటతో విసిరి చూసింది. పొగ ఆటనుకుని చేట చుట్టూ తిరిగింది. సుధారాణి చేట కింద పడేసి ఏడ్చింది. పొగ ఆమె తల మీద కూర్చుంది, చిన్నప్పుడు ఎండలో నడుస్తుంటే కూర్చున్నట్టు.

ఆమె పనిచేసేది కామారెడ్డి స్టేషన్ రోడ్డులో ఒక ఫోటో ల్యాబులో. అరవింద్ అనే అతను తరచూ అక్కడికి వచ్చేవాడు. ఇంటికాడ బోలెడంత పొలం పెట్టుకుని రైలు పట్టాల పక్కన నిలబడి ఫోటోలు తీసుకునే మనిషి. వాళ్లమ్మ తిడుతుంది కూడా, "నీకు పిల్లనెవరిస్తర్రా, గార్డు ఇస్తడా" అని. అతనికి తనలాంటి దోస్తులు కొందరున్నారు. ఎక్కడ పాత ఇంజను కదిలినా బైకులేసుకుని వెంట పడతారు. అతను మాట్లాడుతుంటే సుధారాణికి వినబుద్ధయ్యేది. ఇంజను గురించి చెబుతూ కళ్లు సగం మూసుకునే మనిషిని ఆమె తన బాపు తర్వాత ఇతన్నే చూసింది.

ఆ రోజు అతను మెమరీ కార్డు ఇచ్చి కుర్చీలో కూలబడ్డాడు.

"రైల్వేవోళ్లు అంత కష్టపడి పాత ఇంజనుకు మళ్లా పాణం పోసిండ్లు సుధా. కొత్త బాయిలరు, కొత్త రంగు. పయ్యలు ఎంత మంచిగ తిరుగుతున్నయో! కూత గూడ వేస్తుంది. పొగ ఒక్కటే వస్తలేదు."

"నిప్పు లేకనా?"

"నిప్పు భగ్గుమంటుంది. ఎంత బొగ్గేసినా చిమ్నీల ఏం లేదు. ఎత్తు వస్తే ఆయాసపడుతది. ఎనుకనుంచి డీజిల్ బండి నూకుతుంది. మేం ఎంట పోతున్నం గాని, లోపల ఎవ్వరు లేని ఇంటి ముందు నిలబడ్డట్టుంది నాకు."

మిషన్‌లోంచి మొదటి ఫోటో బయటికొచ్చింది. సుధారాణి దాన్ని చేతిలోకి తీసుకుని అట్లాగే ఉండిపోయింది. ఇంజను మీది నంబరు ఆమెకు తెలుసు. ఇంట్లో గోడ మీద, బాపు రాణికి భుజం ఆనించి నిలబడి దిగిన ఫోటోలో ఉన్న నంబరే.

"ఇది కామారెడ్డికి వస్తదా?" అని అడిగింది.

"ఆదివారమే వస్తది. నీళ్ల కోసం ఆగుతది. ఇప్పుడు మన పట్టాలు గూడ పెద్దగైనయి గదా."

ఆ సాయంత్రం బస్సులో కిటికీ పక్కన కూర్చుని సుధారాణి ఒకటే ఆలోచించింది. పొగ తన ఇంజనును చూస్తే ఆగుతుందా? ఆగదు. చిమ్నీలోకి పోతుంది. పోతే అమ్మ బతుకుతుంది.

ఇంటికి పోయి మాత్రం వేరేగా చెప్పింది. "అవ్వా, రాణి కామారెడ్డికి వస్తుందట. బాపుకు ఎంత ఆశ ఉండె! పొగకన్న ఒక్కసారి చూపిచ్చి తీసుకొద్దాం."

ముత్తవ్వ కుంపటి పక్కనున్న పొగను చేత్తో దువ్వుతూ కూర్చుంది.

"తీసుకొద్దాం గదా?" అని అడిగింది ముత్తవ్వ.

"గంటె పట్టుకపోదాం. నువ్వు కొడితే రాదా?"

"వస్తది. నేను కొడితే ఎన్నడు రాలేదని?" అంది ముత్తవ్వ. సుధారాణి చెంబు తీసుకునే నెపం మీద లేచి పక్కకు పోయింది.

ఆదివారం పొద్దున పాల క్యాను శుభ్రంగా కడిగి, పొగను అందులోకి పిలిచి, మూత పెట్టి గుడ్డ కట్టారు. బస్సులో కండక్టర్ ఆధార్ కార్డులు చూసి ఇద్దరికీ ఫ్రీ టికెట్లు చించాడు. క్యాను మీద తట్టాడు.

"పాలా అవ్వా?"

"పొగ."

"ఎవరిది?"

"మా ఆయినది."

"అయితే టికెట్ తియ్యాలె. మొగోళ్లకు ఫ్రీ లేదు."

"ఆయిన రైల్వేల చేసిండు. పాసుంది."

"రైలు పాసు రైల్లనే నడుస్తదవ్వా. ఇది ఆర్టీసీ."

బస్సంతా నవ్వింది. ముత్తవ్వ గొణుక్కుంటూ డబ్బులిచ్చి, టికెట్టును క్యాను గుడ్డ కింద దోపింది. లింగంపేట దగ్గర ఆమెకు దగ్గు వస్తే ముందు సీటు ఆయన చెప్పకుండానే కిటికీ తెరిచాడు. సుధారాణి అమ్మ వీపు నిమిరింది. చేతికి ఎముకలు తగిలాయి.

స్టేషన్లో జాతరంత మంది ఉన్నారు. ఎక్కడెక్కడి నుంచో కెమెరాలు మెడలో వేసుకుని వచ్చినవాళ్లు, పిల్లల్ని భుజాల మీద ఎత్తుకున్నవాళ్లు, రిటైరైన గార్డులు. అరవింద్, అతని దోస్తులు తలమడ్ల నుంచి ఇంజనుతో పోటీపడి బైకుల మీద వచ్చి, చెమటలతో ప్లాట్‌ఫారం మీదికి ఉరికొచ్చారు. ఆ వెనకే కూత వినపడింది.

రాణి వచ్చింది. నల్లగా, నిగనిగలాడుతూ, పెద్ద పెద్ద చక్రాల మీద. చిమ్నీ మీద ఆకాశం ఖాళీగా ఉంది. ఇంజను నిలబడ్డాక జనం చప్పట్లు కొట్టారు గాని, కొట్టిన చేతులు ఎవరివి వాళ్లే చూసుకున్నారు.

ముత్తవ్వ తల పైకెత్తి చూసింది. ఎత్తిన తల దించలేదు.

"గింత పెద్దగుంటదా" అంది చివరికి. "ఎర్క లేక ఇన్నేండ్లు దీంతోని కొట్లాడిన."

సుధారాణి క్యాను మూత తీసింది. పొగ వెంటనే రాలేదు. కొత్త ఇంటి గడప దగ్గర బిడ్డలా కొంచెం తొంగి చూసింది. తర్వాత కిందికి జారి, జనం కాళ్ల మధ్యలోంచి, మోకాళ్ల ఎత్తున పాక్కుంటూ పోయింది. జనం పాదాలు పక్కకు జరిపి దారిచ్చారు. పొగ ముందు చక్రాలను తడిమింది. ఒక్కొక్క కడ్డీని తడిమింది. మెట్లెక్కి, పొయ్యి ముందర డేవిడ్ నిలబడే చోట కాసేపు నిలబడింది. అక్కడి నుంచి బాయిలరు వీపు మీదుగా నడిచి చిమ్నీలోకి దిగింది.

రాణి ఒళ్లంతా ఒకసారి వణికింది. చిమ్నీలోంచి నల్లటి పొగ లేచింది. లేచి, కరెంటు తీగల్ని దాటి, స్టేషన్ రేకుల్ని దాటి, వేపచెట్ల మీద గొడుగు పట్టింది.  అరవింద్ కెమెరా కంటికి పెట్టుకునే ఉన్నాడు గాని, దాని కింద చెంపలు తడిసిపోతున్నాయి. ఆ తర్వాత ప్లాట్‌ఫారం మొత్తం ఈలలతో, కేకలతో ఊగిపోయింది.

నీళ్లు పట్టడం అయిపోయింది. డీజిల్ బండిని విప్పేశారు. రాణి కూత వేసి, నిజామాబాద్ దిక్కు తనంతట తానే కదిలింది.

"ఇగ చాలు. చూసింది" అంది ముత్తవ్వ. కొంగులోంచి గంటె తీసి క్యాను అంచు మీద కొట్టింది. టక్కు టక్కు.

పైకి పోతున్న పొగ నడుమ దగ్గర వంగింది. రైలు డబ్బాల మీదుగా వెనక్కి పాకుతూ రాసాగింది. ప్లాట్‌ఫారం దాటిన రాణి ఆయాసపడుతూ మెల్లబడి, సిగ్నల్ స్తంభం దగ్గర ఆగిపోయింది. "ఏమైందిరా! ఏమైంది!" అంటూ అరవింద్ వాళ్లు పట్టాల వెంట పరుగెత్తారు. ముత్తవ్వ మళ్లీ కొట్టింది. పొగ ప్లాట్‌ఫారం చివరిదాకా వచ్చేసింది. మూడోసారి కొట్టబోతుంటే దగ్గు వచ్చి ఆమె నడుం వంగిపోయింది. అయినా గంటె విడవలేదు. సుధారాణి ఆ చేతిని పట్టుకుంది.

"కొట్టకు అవ్వా."

"విడువు."

"పోనియ్యి అవ్వా. నేను అబద్ధం జెప్పిన. డాక్టరు ఏమన్నడంటే..."

"నాకెర్కలేదా?" ముత్తవ్వ దగ్గు మధ్యలోనే అంది. "నేను దినాం బియ్యం తీసే డ్రమ్ము ఎనుక నువ్వు దాసిపెడితే నాకు దొరకదా? దగ్గేది నువ్వా, నేనా?"

 "ఎర్కుండి ఎందుకొచ్చినవ్ మరి?"

"అవ్వను బతికిచ్చుకుందామని నా బిడ్డ గిన్ని తిప్పలు పడుతుంది, కాదంటే ఎట్ల అని వచ్చిన. గంటె గూడ కొట్టొద్దనే అనుకున్న." ముత్తవ్వ తన చేతిని తానే చూసుకుంది. "అది పోతాంటే చెయ్యి ఊకుంటలేదే సుధా. అదే కొడుతుంది."

"నాకు నువ్వు కావాలె అవ్వా" అంది సుధారాణి. ఇరవై నాలుగేళ్ల పిల్ల, అంతమంది నడుమ, చిన్నపిల్లలా.

ముత్తవ్వ ఆమె మొహం వైపు చూసింది. చాలాసేపే చూసింది. గంటెను కూతురి చేతిలో పెట్టి, ప్లాట్‌ఫారం చివరికి నడిచింది. పొగ అక్కడ ఎదురుచూస్తోంది. ముత్తవ్వ రెండు చేతులా దాన్ని దగ్గరికి తీసుకుని, జుట్టు సవరించినట్టు సవరించింది. తర్వాత దూరంగా ఆగి ఉన్న ఇంజనుకు వినపడేటట్టు గొంతెత్తింది.

"ఇగో రాణీ, మంచిగ చూసుకో. బొగ్గు సన్నగ కొట్టెయ్యాలె. పెద్ద ముక్కలేస్తే అలుగుతడు."

డేవిడ్ డ్యూటీకి పోయిన ప్రతిసారీ ఆమె గడపలో నిలబడి పోయి రా అంది. పొగ వాడ చుట్టు తిరిగి రావడానికి బయల్దేరినా పోయి రా అంది. కడుపున పుట్టినదైనా, కట్టుకున్నవాడైనా, గడప దాటేవాళ్లకు ఆ రెండో మాట చెప్పకుండా పంపిన ఆడది ఆ వాడలో లేదు.

"పో" అంది ముత్తవ్వ.

అంతే అంది. పెదాలు ఇంకా కదిలాయి గాని, చేత్తో నోరు మూసుకుంది.

పొగ ఆమె చేతుల్లో కాసేపు అట్లాగే ఉంది. ఆ మాట తర్వాత ఇంకో మాట వస్తుందేమోనని చూసినట్టుంది. రాలేదు. మెల్లగా విడిపడి, డబ్బాల మీదుగా ముందుకు పోయి చిమ్నీ చేరింది. రాణి కదిలింది. అరవింద్ వాళ్లు బైకులెక్కి ఉప్పల్వాయి రోడ్డు పట్టారు. అతను వెనక్కి తిరిగి చెయ్యి ఊపాడు. ఆ ఊపింది తనకా, స్టేషన్‌కా సుధారాణికి తెలియలేదు. చాలా దూరం దాకా ఆకాశం మీద నల్లటి గీత కనపడింది. అప్పుడు తట్టింది ఆమెకు, అమ్మ పంపింది మొగుణ్ణి, తను పంపింది బాపును అని. అప్పటిదాకా అమ్మ దగ్గు గురించి తప్ప ఆ సంగతి ఆలోచించనే లేదు.

వాపసు బస్సులో అదే కండక్టర్. ఖాళీ క్యానును చూసి, "ఆయిన ఏడి?" అన్నాడు.

"డ్యూటీకి పోయిండు" అంది ముత్తవ్వ.

కండక్టర్ ఇద్దరికీ ముందు సీటు చూపించాడు.

దగ్గు రోజురోజుకూ తగ్గిపోయింది. డాక్టరు కొత్త ఎక్స్‌రే చూసి, "ఇగ మందులు చాలు" అన్నాడు. ఆ మాటకు సుధారాణి దవాఖాన మెట్ల మీద కూర్చుని ఏడుస్తుంటే ముత్తవ్వే ఆమెకు నీళ్లు తాగించింది. రాణి ఇప్పుడు ప్రతి ఆదివారం నడుస్తోంది. ఎవరూ నూకనక్కర్లేదు.

ఒకనాడు గంగాబాయి ఆరేసిన చీరెలు తీసుకుంటూ గోడ దగ్గర ఆగింది. "చీరెలు గింత తెల్లగుంటే నాకే మంచిగనిపిస్తలేదు ముత్తవ్వా" అని కొంగు కళ్లకద్దుకుంది.

అరవింద్ తన ఫోటోల్లో అన్నిటికంటే మంచిదాన్ని పటం కట్టించి ఎల్లారెడ్డి దాకా తెచ్చిచ్చాడు. పొలాల మీద పొడుగ్గా సాగిన పొగ. ముత్తవ్వ పటాన్ని ఒళ్లో పెట్టుకుని, అద్దం మీద వేలుతో రాసింది.

"మంచిగ తీసినవ్ కొడుకా. గని ఇది కదులుతలేదు" అని తిరిగిచ్చింది.

చలికాలం వచ్చింది. దాటదన్న చలికాలం. ఒక తెల్లవారుజామున సుధారాణికి మెలకువ వస్తే పక్కన అమ్మ లేదు. ఇల్లంతా నిశ్శబ్దంగా ఉంది. దగ్గు లేని ఇంట్లో అమ్మ ఎక్కడుందో కనిపెట్టడం ఆమెకింకా చేతకావడం లేదు. గాబరాగా తలుపు తీసింది.

ముత్తవ్వ వాకిట్లో శాలువా కప్పుకుని నిలబడి ఉంది. చలికి నోట్లోంచి ఆవిరి వస్తోంది. తెల్లగా, చిన్నగా మొహం ముందర ఒక్క క్షణం నిలిచి, చెదిరిపోతోంది. ముత్తవ్వ దాని కింద అరచెయ్యి పట్టింది. పోయింది. నిండుగా ఊపిరి పీల్చుకుని మళ్లీ ఊదింది. చెయ్యి పట్టింది. పోయింది.

మళ్లీ ఊదింది. ఎంతసేపైనా ఊదగల ఊపిరి ఇప్పుడు ఆమెకుంది.